48 వోల్టులు నడిచే దారి

ఇంట్లో చిన్న గది సర్దుకుని ఆడియో కథలు చదువుతున్న మిత్రురాలు ఒకరు ఈ మధ్య ఒక ప్రశ్న అడిగారు. ల్యాప్‌టాప్ యూఎస్‌బీ నుంచి వచ్చేది 5 వోల్టులే కదా, దానికి తగిలించిన ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకు శబ్దాన్ని కంప్యూటర్‌కు అందించే చిన్న పెట్టె) మైకుకు 48 వోల్టులు ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తోంది అని. నిజానికి మొదట అడగవలసిన ప్రశ్న ఇదే. మనలో చాలామంది దీన్ని దాటేసి, 48 అని రాసి ఉన్న ఆ ఫాంటమ్ పవర్ మీట నొక్కాలా వద్దా, నొక్కితే మైకు కాలిపోతుందా, గొంతు పెద్దగా వస్తుందా అన్న సందేహాల దగ్గరే తిరుగుతుంటాం. ఈ సందేహాలన్నీ ఒక్కచోటే పుడుతున్నాయి. 48 అన్న అంకె కంటికి కనబడుతుంది. ఆ విద్యుత్తు ఏ తీగల మీదుగా వెళ్లి ఏ తీగ మీదుగా తిరిగొస్తుందో కనబడదు. ఆ దారి తెలిస్తే మిగతా చిక్కుముళ్లు చాలావరకు వాటంతట అవే విడిపోతాయి.

మైకుకు అసలు కరెంటు ఎందుకన్నది ముందు చూద్దాం. డైనమిక్ మైకుకు అక్కర్లేదు. అందులో పల్చని పొరకు అతికించిన తీగచుట్ట అయస్కాంతం మధ్య కదులుతుంది, ఆ కదలికకు విద్యుత్తు దానంతట అదే పుడుతుంది. సభల్లో, గుళ్లలో, పాట కచేరీల్లో చేత్తో పట్టుకునే మైకులు ఎక్కువగా ఈ కోవవే. కండెన్సర్ మైకులో తీగచుట్టా ఉండదు, అయస్కాంతమూ ఉండదు. కొన్ని మైక్రాన్ల మందం మాత్రమే ఉండి, లోహపు పూత పూసిన పొర ఒకటి, దానికి వెంట్రుకవాసి దూరంలో లోహపు పలక ఒకటి ఉంటాయి. ఆ రెండింటి మధ్య విద్యుదావేశం నింపి ఉంచుతారు. గొంతు తగిలి పొర కదిలినప్పుడల్లా ఆ సందు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, దాంతోపాటే వోల్టేజీ కూడా మారుతుంది. పొర అంత తేలిక కాబట్టే ఊపిరి తీసుకున్న చప్పుడు, వీణ తీగ మీద వేలు జారిన సవ్వడి కూడా ఈ మైకుకు దొరుకుతాయి.

అయితే ఆ పొరా పలకా కలిసిన భాగానికి, అంటే క్యాప్సూల్‌కు, కెపాసిటెన్స్ (ఆవేశాన్ని నిల్వ చేసుకునే శక్తి) కొన్ని పదుల పికోఫారడ్లే. ఒక మీటరు మైకు కేబుల్‌కే అంతకన్నా ఎక్కువ ఉంటుంది. క్యాప్సూల్ సంకేతాన్ని నేరుగా కేబుల్‌లోకి వదిలితే దారిలోనే ఇంకిపోతుంది. అందుకని మైకు లోపలే, క్యాప్సూల్‌ను ఆనుకుని, ఆ బలహీనమైన వోల్టేజీని అందుకుని కేబుల్‌ను నడపగల బలం కల్పించే చిన్న ట్రాన్సిస్టర్ సర్క్యూట్ పెడతారు. అంటే కండెన్సర్ మైకుకు రెండు అవసరాలున్నాయి. పొరకు ఆవేశం కావాలి, దీనికి కరెంటు దాదాపు ఖర్చు కాదు. ట్రాన్సిస్టర్ సర్క్యూట్ నడవాలి, దీనికి కొద్ది మిల్లీ ఆంపియర్లు కావాలి. ఎలెక్ట్రెట్ రకం మైకుల్లో మొదటి అవసరం ఉండదు. బెల్ ల్యాబ్స్‌లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ 1962లో రూపొందించిన పద్ధతి అది. ఆవేశాన్ని తయారీలోనే శాశ్వతంగా పొరలో బంధిస్తారు. దీన్ని బట్టి ఎలెక్ట్రెట్ మైకుకు కరెంటే అక్కర్లేదని కొందరు అనుకుంటారు. రెండో అవసరం అలాగే ఉంటుందని మరిచిపోకూడదు.

పూర్వం ఈ విద్యుత్తు కోసం మైకు పక్కన ఒక ప్రత్యేకమైన పెట్టె ఉండేది. న్యూమన్ సంస్థ 1949లో తెచ్చిన యూ 47 లాంటి మైకుల్లో వాక్యూమ్ ట్యూబు ఉండేది. ట్యూబు ఫిలమెంటును వేడెక్కించాలి, పైగా దానికి అధిక వోల్టేజీ ఇవ్వాలి. అందుకు బహుళ పిన్నుల కేబుల్, బరువైన సరఫరా పెట్టె తప్పనిసరి. ట్యూబు మైకులకు ఈనాటికీ ఎక్కువగా ఇదే పద్ధతి, అలాంటి వాటికి ఇంటర్‌ఫేస్ మీద ఉన్న 48 మీటతో పని లేదు. ట్రాన్సిస్టర్లు వచ్చాక మైకు ఆకలి బాగా తగ్గింది. అంత కొద్ది కరెంటును సంకేతం ప్రయాణించే తీగల మీదే పంపవచ్చు కదా అన్న ఆలోచన అప్పుడు గట్టిపడింది.

48 అన్న అంకె ఎలా స్థిరపడిందో నాకు ఎంతో ఇష్టమైన సంగతి. 1966లో న్యూమన్ కేఎం 84 అనే ట్రాన్సిస్టర్ మైకును నార్వే జాతీయ ప్రసార సంస్థ ఎన్ఆర్‌కే ముందు పెట్టింది. మైకుకు వేరే పెట్టె లేకుండా కేబుల్ మీదుగానే విద్యుత్తు అందాలన్నది ఆ సంస్థ కోరిక. కరెంటు పోయినప్పుడు వెలిగే దీపాల కోసం ఎన్ఆర్‌కే స్టూడియోల్లో అప్పటికే 48 వోల్టుల సరఫరా ఉంది. దాన్నే మైకుకూ వాడారు. అలా ఒక చలిదేశపు స్టూడియోలో అత్యవసర దీపాలకు ఇచ్చిన వోల్టేజీయే ఈ రోజు మన బల్లల మీదున్న ప్రతి ఇంటర్‌ఫేస్‌లోకీ వచ్చి చేరింది. టెలిఫోను ఎక్స్ఛేంజీలు కూడా 48 వోల్టులతోనే నడుస్తాయి కాబట్టి ఈ అంకె అక్కడి నుంచి వచ్చిందని చెప్పుకునేవారున్నారు. మైకుల విషయంలో దాని పుట్టుక నార్వే దీపాల దగ్గరే. తరువాత అది జర్మన్ ప్రమాణంలోకి, ఆపైన ఐఈసీ 61938 అనే అంతర్జాతీయ ప్రమాణంలోకి ఎక్కింది. 12, 24 వోల్టుల పద్ధతులు కూడా ప్రమాణంలో ఉన్నాయి గానీ వాడుకలో నిలిచింది 48.

ఇప్పుడు అసలు దారి. మైకును ఇంటర్‌ఫేస్‌కు కలిపే ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్‌లో మూడు పిన్నులు. ఒకటోది గ్రౌండు. రెండు, మూడు పిన్నుల మీద సంకేతం నడుస్తుంది, రెండింటి మీదా ఒకే శబ్దం, ఒకదానికొకటి తలకిందులుగా. ఇంటర్‌ఫేస్ లోపల 48 వోల్టుల సరఫరా నుంచి రెండు రెసిస్టర్లు బయలుదేరతాయి. ఒక్కొక్కటీ 6.8 కిలో ఓములు. ఒకటి రెండో పిన్నుకు, ఇంకొకటి మూడో పిన్నుకు చేరుతుంది. కరెంటు ఈ రెండు పిన్నుల మీదుగా సరిసమానంగా మైకులోకి వెళ్లి, పని ముగించుకుని, ఒకటో పిన్ను మీదుగా వెనక్కి వస్తుంది.

కావడి మోసే మనిషిని గుర్తు తెచ్చుకోండి. బద్దకు రెండు చివరలా రెండు కుండలు, రెండింట్లో నీరు సమానం. బరువు ఎంత ఉన్నా బద్ద ఏ పక్కకీ ఒరగదు. రెండో పిన్ను ఒక కుండ, మూడో పిన్ను ఇంకో కుండ. రెండింటి మీదా 48 వోల్టులే ఉన్నప్పుడు వాటి మధ్య తేడా సున్నా. ఇంటర్‌ఫేస్‌లో మైకు సంకేతాన్ని పెంచే సర్క్యూట్, అంటే ప్రీయాంప్, చూసేది ఈ రెండు పిన్నుల మధ్య తేడానే. శబ్ద సంకేతం తలకిందులుగా ఉంది కాబట్టి దానికి తేడా కనబడుతుంది, 48 వోల్టులు రెండు పక్కలా సమానం కాబట్టి దాని కంటికి ఆనవు. ఈ 48 వోల్టుల డీసీ ప్రీయాంప్‌లోకి చొరబడకుండా దారిలో కెపాసిటర్లు కూడా కాపలా ఉంటాయి. ఉండీ లేనట్టుండే ఈ గుణం వల్లనే దీనికి ఫాంటమ్ పవర్ అన్న పేరు వచ్చింది.

డైనమిక్ మైకు కాలిపోతుందేమోనన్న భయానికి జవాబు కూడా కావడిలోనే ఉంది. ఆ మైకులోని తీగచుట్ట రెండో పిన్నుకూ మూడో పిన్నుకూ మధ్య ఉంటుంది, అచ్చం కావడి బద్దలా. రెండు చివరలా ఒకే వోల్టేజీ ఉంటే దానిలో కరెంటు పారదు. కాబట్టి మంచి కేబుల్‌తో తగిలించిన డైనమిక్ మైకుకు ఫాంటమ్ వల్ల హాని లేదు. చాలా చిన్న ఇంటర్‌ఫేసుల్లో రెండు మైకులకూ కలిపి ఒకే మీట ఉంటుంది. ఒక పక్క కండెన్సర్, ఇంకో పక్క డైనమిక్ పెట్టుకుని నిశ్చింతగా పాడుకోవచ్చు.

కుండల్లో ఒకటి జారితేనే ప్రమాదం. కేబుల్ లోపల రెండు, మూడు పిన్నుల్లో ఒకటి గ్రౌండుకు తగిలితే, సమతూకం పోయి తీగచుట్టలోంచి కరెంటు పారుతుంది. 6.8 కిలో ఓముల రెసిస్టర్ అడ్డుంది కాబట్టి అది 7 మిల్లీ ఆంపియర్ల దగ్గరే ఆగుతుంది. డైనమిక్ మైకు చాలావరకు దాన్ని తట్టుకుంటుంది. పాతకాలపు రిబ్బన్ మైకు తట్టుకోకపోవచ్చు. అందులో తీగచుట్టకు బదులు అయస్కాంతం మధ్య వేలాడే పల్చటి అల్యూమినియం రేకు ఉంటుంది, ఒక్క కుదుపుకే అది సాగిపోగలదు. అందుకే పాసివ్, అంటే లోపల సర్క్యూట్ లేని, రిబ్బన్ మైకు తగిలించే ముందు ఫాంటమ్ తీసేయడం పెద్దలు నేర్పిన అలవాటు. కొన్ని కొత్త రిబ్బన్ మైకుల్లో లోపల సర్క్యూట్ ఉంటుంది, వాటికి మాత్రం ఫాంటమ్ ఇవ్వాల్సిందే. రెండు రకాలూ పైకి ఒకేలా కనబడతాయి కాబట్టి మైకు వెంట వచ్చిన కాగితం చదవడం ఒక్కటే మార్గం.

ఆ రెండు రెసిస్టర్లు 6.8 కిలో ఓముల నుంచి కాస్త అటూ ఇటూ ఉన్నా ఫర్వాలేదని ప్రమాణం అంటుంది. ఒకదానితో ఒకటి మాత్రం 0.4 శాతం లోపు తేడాతో సరిపోలాలని గట్టిగా చెబుతుంది. కావడిలో ఎన్ని బిందెల నీరు పోశారన్నది కాక రెండు పక్కలా సరిసమానంగా పోశారా అన్నదే లెక్క అన్నమాట. ఆ సమానత్వం చెడితే కేబుల్ దారిలో చేరే గుయ్యిమనే చప్పుడు కూడా పూర్తిగా రద్దు కాదు.

ఫాంటమ్ నొక్కితే గొంతు పెద్దగా వస్తుందన్నది ఇంకో నమ్మకం. డైనమిక్ మైకు ఫాంటమ్‌ను అసలు వాడుకోనే వాడుకోదు, కాబట్టి శబ్దం ఒక్క పిసరు కూడా పెరగదు. ఈ నమ్మకం ఎక్కడ పుట్టిందో ఊహించగలను. షూర్ ఎస్ఎమ్7బి లాంటి డైనమిక్ మైకుల సంకేతం చాలా చిన్నది, వాటికి 60 డెసిబెల్ వరకు గెయిన్, అంటే సంకేతం పెంపు, కావాలి. చిన్న ఇంటర్‌ఫేసులు అంత ఇవ్వలేక ఆయాసపడతాయి. అందుకని మైకుకూ ఇంటర్‌ఫేస్‌కూ మధ్య క్లౌడ్‌లిఫ్టర్ లాంటి చిన్న పెట్టె తగిలిస్తారు. అది ఫాంటమ్ విద్యుత్తును తానే తినేసి, సంకేతాన్ని దాదాపు 25 డెసిబెల్ పెంచుతుంది, మైకుకు ఫాంటమ్‌ను చేరనివ్వదు. పెంచింది ఆ పెట్టె. పేరు ఫాంటమ్ మీటకు వచ్చింది.

ఇక మిత్రురాలి ప్రశ్న. 5 వోల్టులు 48 ఎలా అవుతాయి? ఇంటర్‌ఫేస్ లోపల బూస్ట్ కన్వర్టర్ అనే చిన్న సర్క్యూట్ ఉంటుంది. అది ఒక తీగచుట్టలోకి 5 వోల్టుల కరెంటును వదిలి చటుక్కున ఆపేస్తుంది. పారుతున్న కరెంటు ఒక్కసారిగా ఆగడాన్ని తీగచుట్ట ఒప్పుకోదు, ఎదురు తిరిగి వోల్టేజీని ఎగదన్నుతుంది. ఆ ఎగిసిన విద్యుత్తును కెపాసిటర్‌లో పోసి నిల్వ చేస్తారు. సెకనుకు వేలు, లక్షల సార్లు ఇదే పని. ఏతంతో నూతి నీళ్లు తోడి ఎత్తయిన కాలువలో పోసినట్టే, ఒక్కో బాన చిన్నదే అయినా పైన కాలువ నిండుతూ ఉంటుంది. ఎత్తు పెరిగితే అందే నీరు తగ్గుతుందన్న నియమం ఇక్కడా తప్పదు. 48 వోల్టుల దగ్గర 10 మిల్లీ ఆంపియర్లు ఇవ్వాలంటే 5 వోల్టుల దగ్గర దాదాపు 100 మిల్లీ ఆంపియర్లు తీసుకోవాలి, నష్టాలతో కలిపితే ఇంకాస్త ఎక్కువ.

లెక్క కట్టి చూస్తే చాలా విషయాలు తేటపడతాయి. యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం 500 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది, అంటే 2.5 వాట్లు. ఒక్క మైకుకు గరిష్ఠంగా 10 మిల్లీ ఆంపియర్ల లెక్కన 0.48 వాట్లు కావాలి. రెండు మైకులకు దాదాపు ఒక వాటు. మిగిలిన దాంట్లో ప్రీయాంపులు, శబ్దాన్ని అంకెలుగా మార్చే చిప్పులు, హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ అన్నీ నడవాలి. రెండు మైకుల ఇంటర్‌ఫేస్ యూఎస్‌బీతోనే సరిపెట్టుకోవడం, ఎనిమిది మైకులది వేరే అడాప్టర్ అడగడం ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. ఎనిమిదింటికీ గరిష్ఠ లెక్కన 3.84 వాట్లు ఫాంటమ్‌కే పోతాయి, 2.5 వాట్ల పోర్టు అది మోయలేదు. యూఎస్‌బీ 3.0 పోర్టు 4.5 వాట్లు ఇస్తుంది గానీ, మిగతా సర్క్యూట్లను కూడా కలుపుకుంటే అదీ చాలదు.

మైకులన్నీ 10 మిల్లీ ఆంపియర్లు తీసుకోవు. న్యూమన్ యూ 87 ఏఐ తీసుకునేది 0.8 మిల్లీ ఆంపియర్లే, అదే సంస్థ టీఎల్ఎమ్ 103 తీసుకునేది 3. ఇక్కడ ఇంకో చిక్కుముడి ఉంది. రెండు 6.8 కిలో ఓముల రెసిస్టర్లు పక్కపక్కన పనిచేస్తే 3.4 కిలో ఓములు. వాటి మీదుగా 3 మిల్లీ ఆంపియర్లు పారితే దారిలోనే 10 వోల్టులకు పైగా ఆగిపోతాయి, మైకుకు చేరేవి దాదాపు 38. 10 మిల్లీ ఆంపియర్లు తీసుకునే మైకుకు చేరేవి 14 మాత్రమే. ఇది లోపం కాదు, ప్రమాణం వేసుకున్న లెక్కే ఇది. మైకు తగిలించాక మీటరు పెట్టి చూసి, 48 రావడం లేదని ఇంటర్‌ఫేస్‌ను వాపసు చేసేవారికి ఈ సంగతి ఎవరో ఒకరు ముందే చెబితే బాగుండేది.

అయితే నిజంగానే విద్యుత్తు చాలని సందర్భాలున్నాయి. నాకు ఎదురైనది చెబుతాను. ఒక రికార్డింగ్‌లో కండెన్సర్ మైకు నెమ్మదిగా మాట్లాడితే బాగానే వినబడుతూ, గొంతు పెంచగానే గరగరలాడింది. మైకు పోయిందనే అనుకున్నాను. కేబుల్ మార్చాను, గెయిన్ తగ్గించాను, మార్పు లేదు. చివరికి గమనించింది ఏమిటంటే, ఇంటర్‌ఫేస్ నేరుగా ల్యాప్‌టాప్‌కు కాక, సొంత అడాప్టర్ లేని యూఎస్‌బీ హబ్బుకు (ఒక పోర్టును పలు పోర్టులుగా విడగొట్టే పెట్టెకు) తగిలించి ఉంది. అదే హబ్బుకు హార్డ్ డిస్కు, కీబోర్డు కూడా. ఒక్క పోర్టు ఇచ్చే కరెంటును అన్నీ పంచుకుంటున్నాయి. ఇంటర్‌ఫేస్‌ను తీసి ల్యాప్‌టాప్‌కు నేరుగా తగిలించగానే గరగర మాయమైంది. ఫాంటమ్ నొక్కగానే ఇంటర్‌ఫేస్ ఆగి మళ్లీ మొదలవడం కూడా ఇలాంటి లేమికి గుర్తే. ఫోనుకు ఇంటర్‌ఫేస్ తగిలించేవారికి ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. బయటి నుంచి విద్యుత్తు అందే ఏర్పాటు చేసుకుంటే సర్దుకుంటుంది. అన్నట్టు, మైకు కేబుల్ పొడవు గురించి బెంగ అక్కర్లేదు. 6,800 ఓముల పక్కన రాగి తీగ కలిపే కొద్దిపాటి ఓములు లెక్కలోకి రావు.

పేరు కలుస్తున్నందువల్ల ఫాంటమ్‌తో పొరబడే వేరే సరఫరాలున్నాయి. కెమెరా, ఫోను, కంప్యూటర్ల చిన్న జాక్‌లో చొక్కాకు తగిలించే మైకుకు అందేది ప్లగ్-ఇన్ పవర్, సాధారణంగా 2 నుంచి 5 వోల్టుల మధ్య ఉంటుంది. ఆ మైకును మామూలు కన్వర్టర్ పిన్నుతో 48 వోల్టుల ఇన్‌పుట్‌కు తగిలించకూడదు, వోల్టేజీని తగ్గించి ఇచ్చే అడాప్టర్ కావాలి. తిరగేసి చూస్తే, తక్కువ ధర కండెన్సర్ మైకుల పెట్టెలో ఒక చివర ఎక్స్‌ఎల్‌ఆర్, ఇంకో చివర చిన్న జాక్ ఉన్న కేబుల్ వస్తుంది. లోపల ఎలెక్ట్రెట్ క్యాప్సూల్ కాబట్టి ఆ కొద్ది వోల్టులకే మైకు ఎలాగో పలుకుతుంది, కానీ గొంతు వెనక బుస్సుమనే చప్పుడు వదలదు. ఆ మైకు మంచిది కాదని పారేసేముందు ఒకసారి నిజమైన ఫాంటమ్ ఇచ్చి వినండి. పాత సినిమా రికార్డింగ్ పరికరాల్లో టీ-పవర్ అనే 12 వోల్టుల పద్ధతి ఉండేది. అది రెండు, మూడు పిన్నుల మధ్యనే వోల్టేజీ తేడా పెడుతుంది, అంటే కావడిని కావాలనే ఒక పక్కకు వంచుతుంది. డైనమిక్, రిబ్బన్ మైకులకు అది నిజంగా ప్రమాదం. ఫాంటమ్ మీద ఉన్న భయాల్లో కొన్ని ఆ కాలం నుంచి మిగిలినవే కావచ్చని నా అనుమానం.

పెదవికి మైకు తగిలి షాకు కొట్టిందని, అది ఫాంటమ్ వల్లేనని అనేవారిని చూశాను. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మైకు లోహపు ఒళ్లు ఒకటో పిన్నుకు, అంటే గ్రౌండుకు కలిసి ఉంటుంది, 48 వోల్టులు అక్కడికి రావు. షాకు కొట్టిందంటే గోడ కరెంటులో ఎర్తింగ్ లేదనో, ఆంప్లిఫయర్ నుంచి లీకేజీ ఉందనో అర్థం. పందిళ్లలో రెండు పిన్నుల ప్లగ్గులతో, ఎర్తు తీగ తీసేసి నడిపే మైకు సెట్ల దగ్గర ఇది ప్రాణాల మీదికి తేగలదు. ఫాంటమ్ మీట ఆపి ఊరుకోకుండా మొత్తం సెట్టును ఆపి ఎలెక్ట్రీషియన్‌ను పిలవాలి.

వాడే వరుస చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. గెయిన్ పూర్తిగా తగ్గించి, స్పీకర్లు ఆపి, మైకు తగిలించి, ఆ తరువాతే ఫాంటమ్ నొక్కాలి. కొన్ని సెకన్లు ఆగి గెయిన్ పెంచాలి. తీసేటప్పుడు ముందు ఫాంటమ్ ఆపి, అర నిమిషం ఆగి, అప్పుడు మైకు తియ్యాలి. కాపలా కెపాసిటర్లలో నిండి ఉన్న 48 వోల్టులు దిగడానికే ఈ ఆగడం. ఫాంటమ్ ఉండగా మైకు లాగేస్తే పిన్నులు ఒక్క క్షణం ముందూ వెనకా విడిపోతాయి. ఆ క్షణంలో కెపాసిటర్లలోని ఆవేశం ప్రీయాంప్ మీద పడుతుంది, స్పీకర్లు పెట్టే కేక దాని చప్పుడే. ఇంకో యంత్రం నుంచి, ఉదాహరణకు మిక్సర్ నుంచి, వచ్చే తీగను ఎక్స్‌ఎల్‌ఆర్‌లో పెట్టేటప్పుడు ఫాంటమ్ ఆపి ఉందో లేదో చూసుకోవాలి. ఆ యంత్రం ఎదురు వోల్టేజీని తట్టుకునేలా తయారై ఉండకపోవచ్చు.

అనుమానమొస్తే మామూలు మల్టీమీటరు చాలు. మైకు తగిలించకుండా, కేబుల్ చివర ఒకటో పిన్నుకూ రెండో పిన్నుకూ మధ్య, తరువాత ఒకటో పిన్నుకూ మూడో పిన్నుకూ మధ్య డీసీ వోల్టేజీ చూడాలి. 44 నుంచి 52 మధ్య ఎంత ఉన్నా సరే, రెండూ ఒకేలా ఉండాలి. తరువాత మీటరును మిల్లీ ఆంపియర్లకు మార్చి, ఒకటో పిన్నును రెండో పిన్నుతో, ఆపై మూడో పిన్నుతో కలిపి చూస్తే ఒక్కోసారీ 7 దగ్గర రావాలి. వోల్టేజీ సరిగ్గా ఉండి కరెంటు తక్కువ వస్తే సరఫరా నీరసంగా ఉందని అర్థం. 48 అన్న అంకె ఒక్కటే చూస్తే ఈ తేడా ఎప్పటికీ బయటపడదు.

మిత్రురాలు ఇదంతా విని, ఇంకో ప్రశ్న వేశారు. వాళ్ల ఊరి బుర్రకథ బృందంలో ముగ్గురు ఉన్నారు, ఒక్కొక్కరి ముందు ఒక కండెన్సర్ మైకు పెట్టి రికార్డు చేయాలని ఆమె కోరిక. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదే, కరెంటుతో పని లేకుండా కుదురుతుందా అని అడిగారు. ఆమె ఎంచుకున్న మైకు ఒక్కోటి 3 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. మూడింటికీ 9, అంటే 0.43 వాట్లు. నాలుగు మైకులకు ఫాంటమ్ ఇస్తూ యూఎస్‌బీతోనే నడిచే ఇంటర్‌ఫేస్ తెచ్చుకుని, దాన్ని నేరుగా ల్యాప్‌టాప్‌కు తగిలించండి, కుదురుతుంది అన్నాను.